పలుగురాయా, ముగ్గురాయా?

రాళ్ల ఉద్యోగంలో ముప్పై రెండేళ్లు గడిపి రిటైరయ్యాను. ఆత్మకూరులో ఉంటున్నాను. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు. "సార్, ప్రమోషన్ ఎన్నేళ్లకు వస్తుంది? నెల్లూరు పోస్టింగుకు ఎవర్ని కలవాలి? ఫీల్డుకు తప్పనిసరిగా వెళ్లాలా?" అని అడుగుతారు. మూడో ప్రశ్న దగ్గర గొంతు కొంచెం తగ్గుతుంది, పెళ్లిచూపుల్లో జీతం సంగతి అడిగినట్టు. రాయిని ఎట్లా గుర్తుపట్టాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

వాళ్లను అని లాభం లేదు. వాళ్ల వయసులో నేనూ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. తెలియని వాడికన్నా తెలుసనుకున్నవాడు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. ఆఫీసు పేరు కూడా రాయను, పెన్షను అక్కణ్ణుంచే వస్తోంది. మనుషుల పేర్లు మార్చాను. రాళ్ల పేర్లు మార్చలేదు. ఒకసారి ఒక రాయి పేరు మార్చి రాసినందుకే ఇంత కథ నడిచింది.

నంబర్లున్న రాళ్లు

యూనివర్సిటీలో మాకు ఒక పెద్ద చెక్కపెట్టె ఉండేది. అందులో రాళ్లు. ఒక్కో రాయి మీద తెల్లరంగు చుక్క, చుక్క మీద నల్లసిరాతో నంబరు. పరీక్షకు ముందు అటెండరు నంబర్లు గీకేసేవాడు. అంతకుముందే మేం రాళ్ల మొహాలు బట్టీపట్టి ఉండేవాళ్లం. మూల విరిగింది గార్నెట్. బ్లేడుతో ఎవరో పేరు చెక్కింది బలపపు రాయి. టీ మరక ఉన్నది పాలరాయి. ప్రాక్టికల్స్‌లో నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. పతకం కూడా ఇచ్చారు. న్యాయంగా అది టీ మరకకు రావాల్సిన పతకం.

ఆ పతకంతో ఆత్మకూరులో ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు ఫీల్డు ఉదయగిరిలో. బస్సు దిగి తలెత్తి చూస్తే ఎదురుగా కొండ. అంత పెద్ద కొండ మీద ఎక్కడా ఒక్క నంబరు లేదు.

నా మొదటి బాసు సుబ్బరామయ్య గారు. సన్నటి మనిషి. మెడలో పురికొసకు కట్టిన భూతద్దం, భుజాన ఖాకీ సంచి. దారి పక్కనుంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టారు.

"ఏందయ్యా ఇది?"

"శిస్టు సార్," అన్నాను ఠక్కున.

"ఎట్టా తెలుసు?"

"ఈ ప్రాంతమంతా శిస్టు అని మ్యాపులో ఉంది సార్."

"అంటే నువ్వు మ్యాపు చూసినావు. రాయిని ఇంకా చూడలా," అన్నారు. "మ్యాపు గీసినోడు ఆ పొద్దు జ్వరంతో గీసి ఉంటే?"

అది శిస్టే, పొరలు పొరలుగా ఉండే రాయి. నేను చెప్పింది కరెక్టే. ఆయన మాత్రం మార్కులు వేయలేదు.

సీతారామపురంలో అగ్నిపర్వతం

మూడో నెలలో ఆయన నన్ను ఒంటరిగా సీతారామపురం పంపించారు. అప్పట్లో అక్కడికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రెండింటిలో ఏదో ఒకటి రాదు. నాలుగు రోజులు స్కూలు వరండాలో పడుకుని చుట్టూ తిరిగాను. వాగు పక్కన ఒక దిబ్బ కనిపించింది. దాని నిండా నల్లటి రాళ్లు. రాయి నిండా బుడగలు పేలిన రంధ్రాలు, తేనెపట్టులాగా. దిబ్బ మధ్యలో గుండ్రటి గుంట. గుంట అంచులు ఎర్రగా కాలి ఉన్నాయి.

నల్లరాయి, బుడగలు, కాలిన గుంట. పుస్తకంలో బొమ్మ కళ్ల ముందు ఆడింది. సీతారామపురంలో అగ్నిపర్వతం! నాకన్నా ముందు ఇక్కడ తిరిగిన వాళ్లందరూ గుడ్డివాళ్లని తేల్చేశాను. పదకొండు పేజీల రిపోర్టు రాశాను. గుంటను అగ్నిపర్వతం నోరుగా బొమ్మ గీసి, లావా ఎటు పారిందో బాణం గుర్తులు కూడా పెట్టాను. పారింది ఎటో కాదు, స్కూలు వైపు.

సుబ్బరామయ్య గారు పదకొండు పేజీలూ చదివారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని అదే దిబ్బ దగ్గరికి వచ్చారు. అక్కడ గేదెలు మేపుకుంటున్న ముసలాయన్ని పిలిచారు. పేరు చెంగయ్య.

"తాతా, ఈ రాళ్లు ఏంది?"

"రాళ్లు యాడివయ్యా? చిట్టెం. మా ముత్తాతల కాలంలో ఈడ కొలిమి పెట్టి ఇనుము కాసేవాళ్లంట. కాసినాక పారబోసిన మడ్డి ఇది."

"ఈ గుంట?"

"కొలిమి గుంట."

సుబ్బరామయ్య గారు నా వైపు చెయ్యి చూపించారు. "ఈ సారు దీన్ని అగ్నిపర్వతం అంటుండాడు తాతా."

చెంగయ్య నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. పెద్దమనిషి, నన్ను నొప్పించడం ఆయనకు ఇష్టం లేదు. "అయి ఉండొచ్చులే సామీ," అన్నాడు. "చదువుకున్నోళ్లు. నిప్పయితే నిజమే గదా."

ఆ ఒక్కమాటకు నేను కుంగిపోయినంతగా తర్వాత ఏ చార్జి మెమోకూ కుంగిపోలేదు. ఆ రిపోర్టును సుబ్బరామయ్య గారు తన టేబులు సొరుగులో పెట్టుకున్నారు. నేను ఏ రాయి గురించైనా గొంతు పెంచి మాట్లాడినప్పుడు ఆయన జవాబు చెప్పేవారు కాదు. సొరుగు కొంచెం లాగేవారు. అంతే.

ఐదు మాటల తర్వాతే పేరు

ఆయన నాకు నేర్పింది ఒకటే. రాయి చేతికి రాగానే పేరు చెప్పకూడదు. ముందు ఐదు మాటలు చెప్పాలి. ఎంత బరువుంది? కత్తికి గీత పడుతుందా? పొడి ఏ రంగు? ఎట్లా విరుగుతుంది? ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుందా? ఈ ఐదూ చెప్పాక పేరు దానంతట అదే వస్తుంది. రాకపోతే తెలియదని చెప్పాలి. మా శాఖలో "తెలియదు" అన్న మాట రాసిన రిపోర్టు నాకు ఇంతవరకు కనిపించలేదు. దేశంలో ప్రతి రాయీ మాకు తెలుసన్నమాట.

ఐదింటిలో రంగు లేదు, గమనించారా? పొడి రంగు ఉంది గానీ రాయి రంగు లేదు. "రంగు చూసి చెప్పేవాడు చీరల కొట్లో చేరాలయ్యా, ఇక్కడ కాదు," అనేవారు ఆయన. ఒకే పలుగురాయి తెల్లగా ఉంటుంది, గులాబీ రంగులో ఉంటుంది, పొగచూరినట్టు ఉంటుంది. తెల్లగా ఉన్నవి పది రకాలు పక్కపక్కనే పడి ఉంటాయి, ఒకదానికొకటి చుట్టం కూడా కాదు.

కొండాపురం వైపు నుంచి జనం గుడ్డలో మూటగట్టుకుని కాకిబంగారం తెచ్చేవాళ్లు. ఎండకు వానకు పాతబడిన అభ్రకం, పచ్చగా మెరుస్తుంది. మొదట్లో ఒకాయన మూట విప్పగానే నేను నవ్వాను. ఆయన మూట కట్టేసుకుని వెళ్లిపోయాడు. సుబ్బరామయ్య గారు నన్ను బజారు దాకా పరిగెత్తించి ఆయన్ని వెనక్కి పిలిపించారు. పిన్నీసు ఒకటి ఆయన చేతికే ఇచ్చారు. "పొర లేపి చూడబ్బాయా. బంగారం పొరలు లేవదు. వంగుతాది," అన్నారు. ఆయన తనే లేపి చూసుకున్నాడు. పొర తర్వాత పొర వచ్చింది. "ఇది వేరేదిలే," అని తనే చెప్పి, టీ తాగి, నవ్వుకుంటూ వెళ్లాడు. నవ్వాల్సింది ఎవరో అప్పుడు అర్థమైంది నాకు.

నాలుగేళ్లు ఆయన కింద పనిచేశాను. ఉదయగిరి చుట్టుపక్కల శిస్టులో దానిమ్మ గింజల్లా పొదిగి ఉండే గార్నెట్‌లు వేళ్లతో తడిమి గుర్తుపట్టడం వచ్చింది. కయనైట్ అని నీలం రాయి ఒకటుంది. నిలువుగా గీస్తే కత్తికి లొంగుతుంది, అడ్డంగా గీస్తే లొంగదు. అది మొదటిసారి నా కత్తి కింద ఆడిన ఆట చూసి ఆ రోజు అన్నం తినడం మరిచిపోయాను. ఉద్యోగంలో ఇట్లాంటి రోజులు కూడా ఉంటాయి. ప్రమోషన్ గురించి అడిగే పిల్లలకు ఇది చెబితే వాచీ చూసుకుంటారు.

జీపులోంచి చూసిన రాయి

సుబ్బరామయ్య గారు రిటైరయ్యాక ఒకరిద్దరు మారి, రంగనాయకులు గారు వచ్చారు. పాఠ్యపుస్తకంలో శిలలు మూడు రకాలని ఉంటుంది. రంగనాయకులు గారి దగ్గర కూడా మూడు రకాలే. ఫోను వచ్చిన రాయి, ఫోను రాని రాయి, ఫోను వచ్చేలోగా ఫైలు మూసేయాల్సిన రాయి. వర్గీకరణలో ఆయన ఎప్పుడూ పొరపడలేదు.

ఎండలో జీపు దిగేవారు కాదు. "రాయి ఎక్కడికీ పోదు గదయ్యా. మనం మాత్రం వడదెబ్బకు పోతాం," అనేవారు.

దుత్తలూరు దాటి సీతారామపురం వెళ్లే దారిలో, కొండవార, పెంచలయ్య అనే గొర్రెల కాపరికి రెండున్నర ఎకరాల చేను ఉంది. సొంత పట్టా. దాంట్లో సగం తెల్లరాళ్లు. రాళ్ల మధ్య ఉలవలో జొన్నలో చల్లుకుని, మిగిలిన కాలం గొర్రెలతో తిరిగేవాడు. ఆ ఊళ్లో వెంగళరెడ్డి పెద్ద రైతు. మూడు తరాలుగా పంచాయితీ వాళ్ల వాకిట్లోనే జరుగుతుంది. ఆయన ఒకరోజు పెంచలయ్యను పిలిచాడు. "నీ చేలో రాళ్లన్నీ నేను ఎత్తుకుపోతా. రోడ్డు పనికి కావాల. చేను అద్దంలాగా చదును చేసి ఇస్తా. నువ్వు ఒక్క రూపాయి ఇవ్వాల్సిన పన్లా," అన్నాడు. పెంచలయ్యకు పండగే అయింది. కాగితం మీద వేలిముద్ర వేశాడు.

రాళ్లు తీయడానికి పర్మిట్ కావాలి. పర్మిట్‌కు ఆ రాయి ఏమిటో మేం రాసివ్వాలి. మామూలు పలుగురాయి అయితే ఒక పూటలో పని. విలువైన ఖనిజం అయితే దారి వేరు. లీజు పెట్టుకోవాలి, భూమి గలవాడికి విషయమంతా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, అందులో అతని వాటా ఉంటుంది.

మే నెల. మిట్టమధ్యాహ్నం. నేనూ రంగనాయకులు గారూ జీపులో వెళ్లాం. చేను గట్టు దగ్గర జీపు ఆగింది. వెంగళరెడ్డి మనిషి చల్లటి కొబ్బరి బోండాలు కొట్టి కిటికీలోంచి అందించాడు. నలభై అడుగుల దూరంలో రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. గట్టు మీద పెంచలయ్య, అతని భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"పలుగురాయి," అన్నారు రంగనాయకులు గారు, బోండాంలోంచి నోరు తీయకుండా.

"దిగి చూద్దామా సార్?" అన్నాను.

"దిగి చూస్తే నల్లగా కనపడతాదా?"

నేను నవ్వాను. దిగలేదు. ఒళ్లో ఫైలు పెట్టుకుని రాశాను. పలుగురాయి, ఖనిజ విలువ లేదు, రోడ్డు పనులకు పనికివస్తుంది. కింద సంతకం పెట్టాను.

బాసు బలవంతం చేశాడని రాస్తే ఇక్కడ నాకు బాగుంటుంది. కానీ ఆయన జీపు తలుపు పట్టుకుని కూర్చోలేదు. నేను దిగితే కాదనేవారూ కాదు. బయట ఎండ మండిపోతోంది, చేతిలో బోండాం చల్లగా ఉంది. కారణం అంతే. మా వృత్తిలో లంచం వల్ల జరిగిన తప్పులకన్నా ఎండవల్ల జరిగిన తప్పులే ఎక్కువ. వాటి మీద ఎవరూ కేసు పెట్టరు.

కొండమ్మ తట్ట

నాలుగు నెలల తర్వాత వేరే పని మీద సీతారామపురం బస్సులో వెళ్తున్నాను. ఎదురుగా ఆ చేలోంచి ఒక లారీ రోడ్డెక్కింది. బస్సు పక్కకు ఆగింది. నాకు కిటికీలోంచి లారీ తొట్టి కనిపించింది. మూడో వంతు కూడా నిండలేదు. కానీ వెనక టైర్ల మీద తొట్టి పూర్తిగా కూర్చుండిపోయి ఉంది. గుంటలో పడి లేస్తుంటే ఇంజను మూలుగుతోంది.

బస్సు దిగేశాను.

చేను చదునవుతుందన్నారు గదా. చేను మధ్యలో ఇల్లంత గుంత ఉంది. రాయి పైన ఎంతుందో లోపల అంతకన్నా పెద్ద పట్టీగా దిగింది. దాని వెంటే తవ్వుకుంటూ పోయారు. కూలీలు తట్టలతో రాయి మోస్తున్నారు. వాళ్లలో పెంచలయ్య భార్య కొండమ్మ. తన చేలో తనే కూలి.

తట్ట దించి నా దగ్గరికి వచ్చింది.

"ఆ పొద్దు జీపులో వచ్చింది మీరే గదా సార్?"

"అవునమ్మా."

"దిగలేదే మీరు."

నేను తట్ట వైపు చూశాను.

"ఇది పలుగురాయని రాసినారంట," అంది. "ఈ చేను గట్లన్నీ పలుగురాయితో నేను పెట్టినవే సార్. తట్టనిండా ఎత్తుకొని పరిగెత్తేదాన్ని. ఇది సగం తట్టకే మెడ లోపలికి పోతాది. సాయంత్రానికి తల తిప్పలేకుండా ఉండాను. పలుగురాయి ఇట్టా ఉంటాదా?"

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవురికి చెప్పేది? రాసింది మీరు గదా."

తట్టలోంచి ఒక రాయి తీసుకున్నాను. చెయ్యి ఒక్కసారిగా కిందికి వెళ్లింది. పేరు అప్పుడే తెలిసిపోయింది. అయినా ఐదు మాటలూ వరసగా చూశాను. కత్తి పెడితే గీత పడింది. పలుగురాయి అయితే కత్తే అరుగుతుంది. పొడి తెల్లగా వచ్చింది. సుత్తితో కొడితే గాజులా పగలకుండా పలకలు పలకలుగా విడిపోయింది. ఆమ్లం చుక్క పొంగలేదు, సున్నపురాయి కూడా కాదు. ముగ్గురాయి. మనవాళ్లు వాకిట్లో ముగ్గు వేసే పొడి దాన్నుంచే వస్తుంది. కానీ దాని అసలు గిరాకీ వాకిట్లో కాదు. నూనె బావులు తవ్వే కంపెనీలు దాని బరువు కోసమే లారీలకు లారీలు కొంటాయి.

సుబ్బరామయ్య గారి ఐదు మాటల్లో మొదటిది బరువు. నలభై అడుగుల దూరంలో కూర్చున్నవాడికి అది కనిపించదు.

ఆ రాయి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వాడే బకెట్ నిండా నీళ్లు పట్టి, చేపలు తూచే కొక్కెం త్రాసుకు రాయిని వేలాడదీసి, గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచాను. లెక్క వేస్తే నీటికన్నా నాలుగున్నర రెట్లు. పలుగురాయి మూడు రెట్లకు కూడా రాదు. నాలుగు సార్లు తూచాను, ఒక్కసారైనా తప్పు వస్తుందేమోనని. రాలేదు.

సైటు మీద

రంగనాయకులు గారి టేబులు మీద రాయి పెట్టి విషయం చెప్పాను. రిపోర్టు సవరించి పంపుతానన్నాను. ఆయన రాయిని ముట్టుకోలేదు.

"ఇది తప్పని నీకు కాకుండా ఇంకెవరికి తెలుసు?"

"కొండమ్మకు తెలుసు సార్."

"ఆమె ఏ యూనివర్సిటీ?"

తర్వాత గొంతు మార్చి, తండ్రిలాగా చెప్పారు. "చూడయ్యా, తప్పు రాసినోడు తనే తప్పని రాస్తే, రేపు వాడు రాసిన కరెక్టు కూడా ఎవురూ నమ్మరు. పరువు గురించి చెప్తుండా." తెలివైన మాట. ఇరవై ఏళ్ల తర్వాత కూడా దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

సవరణ రిపోర్టు రాసి కవర్లో పెట్టాను. పదకొండు రోజులు సంచిలోనే తిరిగింది. ఆ పదకొండు రోజులూ లారీలు నడిచాయి. ధైర్యం గురించి ఇంతకన్నా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. పన్నెండో రోజు మా ఆవిడ, "ఆ రాయి బకెట్‌కు చిల్లు పెట్టింది. దాన్నైనా బయట పడేయండి, ఆ కవరునైనా," అంది. కవరు పోస్టు చేశాను, నేరుగా పై ఆఫీసుకు.

నెల తిరగకుండా తనిఖీ వచ్చింది. రెవెన్యూ పెద్ద అధికారి, మా బాసు, నేను, వెంగళరెడ్డి, సగం ఊరు. నేను ఖనిజ లక్షణాల పట్టిక తయారు చేసుకుని వెళ్లాను. స్ఫటిక నిర్మాణం దగ్గర మొదలుపెట్టాను. అధికారి రెండో వాక్యానికే చెమట తుడుచుకున్నాడు.

"రెండూ తెల్లగానే ఉండాయి గదయ్యా," అన్నాడు.

"అదే సార్ మేము చెప్పేది," అన్నాడు వెంగళరెడ్డి, చాలా వినయంగా.

అప్పుడు కొండమ్మ ముందుకొచ్చింది. గట్టు మీద నుంచి పలుగురాయి ఒకటి, గుంతలోంచి రాయి ఒకటి తెచ్చింది. రెండూ టెంకాయంత.

"సార్, చేతులు చాపండి," అంది.

అధికారి అయోమయంగా రెండు చేతులూ చాపాడు. ఎడమ చేతిలో పలుగురాయి పెట్టింది. కుడి చేతిలో రెండోది పెట్టింది. కుడి చెయ్యి ఠపీమని కిందికి పోయింది. రాయి జారి ఆయన బూటు పక్కన పడింది. ఆయన ఒక గంతు వేశాడు.

"రెండూ తెల్లగానే ఉండాయి సార్," అంది కొండమ్మ.

ఎవరో వెనకనుంచి నవ్వారు. వెంగళరెడ్డి ఊరుకోలేదు. "నిన్న రాత్రి తుంపర పడింది సార్. తడిసిన రాయి, బరువుంటాది," అన్నాడు. పెంచలయ్య మొదటిసారి నోరు తెరిచాడు. "తుంపర గుంతలోనే పడి గట్టు మీద పడలేదా రెడ్డీ?"

అధికారి నా వైపు తిరిగాడు. "మరి మొదట పలుగురాయని రాసింది ఎవరు?"

రంగనాయకులు గారు కొండ వైపు చూస్తున్నారు. ఆయన అంత శ్రద్ధగా ఒక కొండను చూడటం అదే మొదటిసారి.

"నేనే సార్," అన్నాను. "జీపు దిగకుండా రాశాను."

అంతమంది ముందు ఆ మాట అన్న తర్వాత ఏమీ కూలిపోలేదు. వెంగళరెడ్డి మొహంలో మాత్రం రంగు మారింది.

గుంత

పర్మిట్ రద్దయింది. నాకు చార్జి మెమో, వెనకే దూరంగా బదిలీ. రంగనాయకులు గారు మూడేళ్లకు శాలువాతో, దండతో రిటైరయ్యారు. సన్మాన సభలో ఆయన్ని "రాతిని చూపుతోనే గుర్తించగల దిట్ట" అని పొగిడారు. అందులో అబద్ధం లేదు. ఆయన చూపుతోనే గుర్తించేవారు. వెంగళరెడ్డి మీద ఏ చర్యా లేదు, ఆయన కాగితాల్లో నా సంతకమే ఉంది గదా. ఎత్తుకుపోయిన రాయి తిరిగి రాలేదు.

బదిలీ మీద వెళ్లేముందు పెంచలయ్యకు చెప్పిపోదామని వెళ్లాను. కొంచెం గర్వంగానే వెళ్లానని ఒప్పుకోవాలి. రిపోర్టు సరిదిద్దించాను, పని ఆపించాను, ఇంక మీకు తెలియకుండా ఎవరూ రాయి ముట్టుకోలేరు అన్నాను.

పెంచలయ్య గుంత అంచున గొర్రెలు లోపలికి పోకుండా కర్ర అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాయి పేరు మార్చినావు, సంతోషం సామీ," అన్నాడు. "ఈ గుంత పేరేంది?"

వాళ్లకు ఆ రాయి మీద లీజు పెట్టుకునే దారి ఉందని చెప్పాను. వద్దన్నాడు. "రాయి వద్దు, లీజు వద్దు. నా చేను నాకు ఎట్టా ఉండెనో అట్టా ఇప్పించు."

కొత్త ఊరినుంచి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. తవ్వినవాడే పూడ్చాలని ఉత్తర్వు రావడానికి ఏడాదిన్నర పట్టింది. వెంగళరెడ్డి పూడ్పించాడు. అది విని నేను ఆనందపడిన వారానికి కొండమ్మ ఎవరి ఫోనులోంచో మాట్లాడింది.

"పూడ్చినారు సార్. మట్టి కింద పోసి, రాళ్లు పైన పోసినారు. ఈసారైనా వచ్చి చూడండి."

సెలవు పెట్టి వెళ్లాను. బస్సు దిగి, చేలోకి నడిచి, పార తీసుకుని నాలుగు చోట్ల నేనే తవ్వి చూశాను. ఆమె చెప్పింది నిజం. పైన మోకాలి లోతు రాతి ముక్కలు, ఆ కిందెక్కడో మంచి మట్టి. మళ్లీ రాశాను. మళ్లీ తవ్వించి, రాళ్లు కిందికి, మట్టి పైకి వచ్చేలా పూడ్పించడానికి ఇంకో ఎండాకాలం గడిచింది. చేను మునుపటిలా కాలేదు. మధ్యలో పల్లంగానే ఉండిపోయింది. అయినా ఆ ఏడు వానకు ఉలవలు చల్లారు. మొలిచాయి.

పంట వచ్చాక, మా ఊరొచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి కొండమ్మ ఒక సంచి ఉలవలు పంపింది. సంచి అందిన సాయంత్రమే ఫోను.

"అందినాయా సార్?"

"అందాయి కొండమ్మా. ఎందుకమ్మా ఇవన్నీ?"

"చారు పెట్టుకోండి. గుంత మీద పండినవే. వండేముందు బాగా ఏరుకోండి సార్, రాళ్లుంటాయి." నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మీకు రాయి గుర్తుపట్టేది వచ్చు గదా."

ఆ రాత్రి మా ఆవిడ చేట తెచ్చి నా ముందు పెట్టింది. నేనే ఏరాను. నాలుగు వచ్చాయి. ఒక్కొక్కటీ అరచేతిలో పెట్టుకుని చూశాను, కత్తి మొనతో గీశాను. గీత పడలేదు. నాలుగూ పలుగురాళ్లే.